ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు: పల్లె బడిలో చదువు నిలబెట్టే దారి

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. ఆదోని డివిజన్‌లో ఒక పల్లె బడి. తనిఖీకి వచ్చిన అధికారి ముందు మూడో తరగతి పాప పాఠం గడగడా చదివేసింది. ఆయన మెచ్చుకోలుగా నా వైపు చూశారు. నా కళ్లు మాత్రం పాప వేలి మీద ఉన్నాయి. నోరు ఆరో వరుసకు పోయింది, వేలు ఇంకా మూడో వరుసలోనే ఉంది. ఆయన వెళ్లిపోయాక పలక మీద ‘కాలవ’ అని రాసి చదవమన్నా. కాసేపు చూసి, నవ్వి, ‘ఇది ఏ పాఠంలోది సార్?’ అనింది.

పాప తప్పేం లేదు. రెండేళ్లుగా మేం పాఠాలు చెప్పాం, చదవడం చెప్పలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో చేసిన తప్పులు దిద్దుకుంటూ నాకు కుదిరిన పద్ధతి ఇది. కొత్తగా డీఎస్సీలో ఎంపికై కోసిగి, కౌతాళం, హొళగుంద లాంటి మండలాలకు వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. అనంతపురం, కడప బడుల్లో ఉన్నవాళ్లకూ చాలావరకు సరిపోతుంది. సుగ్గి గురించి, అంటే ఇళ్లకు ఇళ్లు కోత కూలికి వలసపోయే కాలం గురించి రాసింది మాత్రం మా పడమటి కర్నూలు బాధ.

డబ్బు ఖర్చయ్యే పని ఇందులో ఏమీ లేదు. అట్టముక్కలు, చీపురుపుల్లలు, చాక్‌పీసులు, ఒక గట్టి అట్ట నోట్‌బుక్ చాలు. పెద్ద ఖర్చు ఒకటే: రోజూ పొద్దుటి రెండు గంటలు. అది ఎవరికీ ఇవ్వకుండా కాపాడుకోవాలి.

మొదటి వారం: పాఠం మొదలుపెట్టకండి, ఒక్కొక్కరినీ వినండి

జూన్‌లో బడి తెరవగానే పుస్తకాలు, బ్యాగులు, యూనిఫాం పంచే పని ఉంటుంది. యాప్‌లో ఎక్కించే ఫోటోల పని ఉంటుంది. వాటి మధ్యనే ఇదీ జరగాలి. రెండో తరగతి నుంచి ఐదు దాకా ప్రతి పిల్లనూ, పిల్లోణ్నీ విడిగా కూర్చోబెట్టుకుని చదివించండి. గదిలో వద్దు. వరండా చివరో, వేపచెట్టు కిందో, మిగతావాళ్లకు వినపడనంత దూరంలో. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు పడుతుంది. రోజుకు పది మందిని విన్నా నలభై మంది నాలుగు రోజుల్లో అయిపోతారు.

దీనికి ఒకటే కాగితం చాలు. దాని మీద విడివిడిగా పది అక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ రాసుకోండి. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసేందుకు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడేది కూడా ఇలాంటి కాగితమే. పేరా నా చేతిరాతలో ఇలా ఉంటుంది: ‘మాకు ఒక ఆవు ఉంది. దాని పేరు గౌరి. అది రోజూ చేనికి పోతుంది. సాయంకాలం పాలు ఇస్తుంది.’ పాఠ్యపుస్తకంలోని పేరా తీసుకోవద్దు. దాన్ని కంఠస్థం చేసినవాళ్లు ఉంటారు, మళ్లీ ఆ మూడో తరగతి పాప కథే అవుతుంది.

ముందు అక్షరాలు చూపించకండి. పేరాతో మొదలుపెట్టండి. పేరా సాఫీగా వస్తే కథ ఇవ్వండి, రాకపోతే మాటలకు, అదీ రాకపోతే అక్షరాలకు దిగండి. తప్పు చదివినప్పుడు దిద్దకండి, ముఖం చిట్లించకండి. అది పరీక్ష అని పిల్లోడికి తెలియకూడదు. ‘ఈ కాగితంలో కథ ఉందంట, నాకు కళ్లద్దాలు లేవు, చదివి పెట్టు’ అంటే చాలామంది సంతోషంగా చదివారు.

లెక్కలకూ ఇదే వరస. అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్య చదవడం, అప్పు తెచ్చుకునే తీసివేత, చివరికి మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఎక్కడ ఆగితే అదే వాళ్ల మెట్టు.

నోట్‌బుక్‌లో పేరు పక్కన సున్న, అక్షరం, మాట, వాక్యం, కథ అని ఐదింట్లో ఒకటి రాసుకోండి. మార్కులు, ర్యాంకులు వద్దు. ఐదో తరగతిలో అక్షరాల దగ్గర ఆగినవాళ్లు కనిపిస్తారు, రెండో తరగతిలో కథ చదివేసే పిల్ల కనిపిస్తుంది. మొదటిసారి ఆ లెక్క చూసుకున్న రోజు ఆ కాగితాన్ని బీరువాలో అడుగున పెట్టా, పక్క టీచరుకు కూడా చూపలేదు. ఇప్పుడైతే గోడకు అంటించేస్తా, పేర్లు లేకుండా, ఏ మెట్టులో ఎంతమంది అని.

గుంపులు, గంటలు

విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. అంటే ఐదు తరగతులకు ఇద్దరు మనుషులు. తరగతి తరగతికి పాఠం చెప్పాలని కూర్చుంటే ఒక్కో తరగతికి ఒక్కో సబ్జెక్టు పావుగంట కూడా దక్కదు. మిగతా సమయమంతా ‘చూసి రాయండి’తోనే గడిచిపోతుంది. అందుకే పొద్దున రెండు గంటలు తరగతులు మర్చిపోండి.

ఒక టీచరు ఒకటి, రెండు తరగతులను తీసుకుంటారు. ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందరినీ కలిపి, మెట్టును బట్టి మూడు గుంపులు చేస్తారు. సున్న, అక్షరం ఒక గుంపు. మాట ఒక గుంపు. వాక్యం, కథ ఒక గుంపు. స్థాయికి తగిన బోధన అని ప్రథమ్ నడిపిన పద్ధతి సారం ఇదే. 2019లో ఆర్థిక శాస్త్ర నోబెల్ పంచుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఏళ్ల తరబడి బడుల్లో పరీక్షించి చూసిన పద్ధతుల్లో ఇదొకటి.

ఇక్కడ నా మాట ఒకటి వినండి. కింది గుంపును వలంటీరుకో, తెలివైన ఐదో తరగతి పిల్లకో అప్పజెప్పి, మనం కథ గుంపుతో కూర్చోవాలని మనసు లాగుతుంది. వాళ్లతో పని హాయిగా ఉంటుంది మరి. తిప్పి చేయండి. కథ గుంపు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరికొకరు చదువుకోగలరు. అనుభవమున్న టీచరు కావలసింది సున్న గుంపుకే.

ఇంకో జాగ్రత్త. తొమ్మిదేళ్ల పిల్లోడికి అక్షరాలు రావని ఒకటో తరగతిలో కూర్చోబెట్టకండి. వాడు మరుసటి రోజు నుంచి గొర్రెల వెనక పోతాడు. వాడి ఈడువాళ్ల గదిలోనే, వాడి మెట్టు పని ఇవ్వాలి.

చదువు గంట నేను నడిపేది ఇలా. మొదటి పది నిమిషాలు గుంపులన్నీ ఒకచోటే. నేను ఒక కథ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి, ఒక్కో మాట కింద వేలు నడుపుతూ చదువుతా. తర్వాత పది నిమిషాలు దాని గురించి కబుర్లు. ఆ ముసలమ్మ అలా ఎందుకు చేసింది, మీ ఊర్లో అయితే ఏం చేసుంటారు. తర్వాత అరగంట గుంపుల్లో పని. చివరి పది నిమిషాలు అందరూ ఏదో ఒకటి సొంతంగా రాయాలి. కింది గుంపువాళ్లు ఒక మాట రాసి బొమ్మ వేసినా సరే. చూసిరాత మాత్రం వద్దు. అందంగా రాసే చూసిరాత నోట్‌బుక్కులు నేను చాలా చూశా. తనిఖీలో వాటికే మంచి పేరు వస్తుంది. రాసిన పిల్లను ‘ఏం రాశావమ్మా’ అంటే దిక్కులు చూస్తుంది.

అక్షరం నుంచి మాటకు

‘అ’ నుంచి ‘ఱ’ దాకా వర్ణమాల మొత్తం అయ్యేదాకా మాట చదివించకపోవడం మన పాత అలవాటు. అప్పటికి దసరా వస్తుంది. పిల్లకు ఇంతవరకు చదివిన మాట ఒక్కటీ ఉండదు. దానికి బదులు తొమ్మిది అక్షరాలతో మొదలుపెట్టండి: ప, ల, క, త, వ, న, ర, గ, డ. గుణింతం లేకుండా వీటితోనే ఎన్ని మాటలు వస్తాయో చూడండి. పలక, తల, వల, కల, వడ, నగ, పడవ, గడప, కలప, తలగడ. కడప కూడా. ఒక జిల్లా పేరు మొదటి వారంలోనే చదివేశామని పిల్లలకు ఎంత గర్వమో చెప్పలేను. బస్సు బోర్డు మీద ఆ పేరు కనిపిస్తే కేకలు వేస్తారు.

అక్షరాలు అట్టముక్కల మీద రాసి నేల మీద పరచండి. మాట చెప్పండి, ముక్కలు పేర్చమనండి. ముందు చెవి, తర్వాత కన్ను. ‘గడప’ అని చప్పట్లు కొడుతూ మూడు ముక్కలుగా పలికించాకే ముక్కలు వెతకమనాలి. ఇది తెలియని పిల్లకు ఎన్ని అక్షరాలు దిద్దించినా మాట కట్టడం రాదు.

తర్వాత గుణింతం. ‘క కా కి కీ’ అని రాగం తీస్తూ పాడడంలో తప్పేం లేదు, నోటికి బాగుంటుంది. కానీ పాట వచ్చిన పిల్లకు ‘గీ’ ఒక్కటే అట్టముక్క మీద చూపించి చూడండి. లోపల ‘గ గా గి గీ’ అని పెదాలు కదిలించి, నాలుగో మెట్టుకు వచ్చాక చెబుతుంది. అందుకే నేను అడ్డంగా కాకుండా నిలువుగా చెప్తా. అంటే ఒక వారమంతా దీర్ఘమే, వచ్చిన అక్షరాలన్నిటికీ. కా, తా, పా, లా, నా. తాత, పాప, కాలవ, కాకర. ఇంకో వారం గుడి. ఆ తర్వాత కొమ్ము.

కొమ్ము దగ్గర ఒక చిక్కు ఉంది, చాలామంది గమనించరు. ‘వ’ పక్కన మామూలుగా కొమ్ము పెడితే అది ‘మ’ అయిపోతుంది. అందుకే పు, వు, ఫులకు కొమ్ము వేరుగా, కిందికి దిగేలా రాస్తాం. ఈ సంగతి నోటితో చెప్పకుండా వదిలేస్తే పిల్లలు ‘ఆవు’ను ‘ఆమ’ అని చదువుతారు, ‘ఆమ’ అనే రాస్తారు. మనం అజాగ్రత్త అని తిడతాం. పాపం, వాళ్లు కొమ్ము సూత్రాన్ని సరిగ్గానే పాటించారు! పు, వు రెంటినీ మ పక్కన పెట్టి ఒక పూట దానికే ఇవ్వండి.

ఇక ఒత్తులు. గ, ద, డ లాంటి వాటి ఒత్తులు తలకట్టు తీసేసి కింద చిన్నగా రాసినట్టే ఉంటాయి, కాబట్టి తేలిక. త, న, మ, య, ర, ల ఒత్తులు తల్లి అక్షరానికి పోలిక లేకుండా ఉంటాయి. వీటిని ఒక్కోటీ విడిగా పరిచయం చేయాలి. మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. మా చేలలోనే ఉన్నాయి. పత్తి, జొన్న, కొర్ర, సజ్జ, బుడ్డలు, ఎర్రగడ్డ. మా నేల మీద పండేవి చాలావరకు ఒత్తుల మాటలే! ఒక్కో మాట కింద ఆ గింజనో, కాయనో, దూదినో జిగురుతో అంటించి చార్టు చేశాం ఒక ఏడాది. ఉడతలు సజ్జలు తినేశాయి. అయినా చార్టు పని చేసింది.

చదివే వేగం గురించి రెండు మాటలు. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని గురి పెట్టింది. గురి ఉండడం మంచిదే. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతుంది, ఇక అర్థం ఎక్కడ? కానీ మాటల లెక్క తెలుగుకు అంత సూటిగా అతకదు. ‘చదువుకుంటున్నారు’ మనకు ఒక్క మాట, హిందీలో ‘పఢ్ రహే హైఁ’ మూడు మాటలు. కాబట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లల్ని పరిగెత్తించకండి. తెలియని నాలుగు వాక్యాలు చదివి, మూసేసి, తన మాటల్లో చెప్పగలిగితే ఆ పిల్ల చదివినట్టే.

ఇంటి మాటను బయట పెట్టి రానివ్వకండి

పుస్తకంలో ‘వేరుశనగ’ ఉంటుంది. మా పిల్లోడికి అవి బుడ్డలు. అనంతపురంలో అయితే సెనక్కాయలు. పుస్తకంలో ‘ఉల్లిపాయ’, ఇంట్లో ఎర్రగడ్డ. పుస్తకంలో ‘గేదె’, దొడ్లో ఎనుము. పిల్ల ‘ఎర్రగడ్డ’ అన్నప్పుడు ‘అలా అనకూడదు, ఉల్లిపాయ అనాలి’ అన్న టీచర్లలో నేనూ ఒకణ్ని. దానివల్ల జరిగేది ఒకటే. ఆ పిల్ల ఇక నోరు తెరవదు.

గోడ మీద రెండు వరుసల చార్టు పెట్టండి. ‘ఇంట్లో’, ‘పుస్తకంలో’. పిల్లలే మాటలు తెచ్చి నింపుతారు. హొళగుంద, హాలహర్వి వైపు కన్నడ ఇళ్ల పిల్లలుంటే మూడో వరుస కలపండి. పాలు, హాలు. పులి, హులి. మన ప అక్కడ హ అవుతుందని ఒక నాలుగో తరగతి పిల్లోడు తనంతట తనే కనిపెట్టి, వారం రోజులు కనిపించిన ప్రతి మాట మీదా ప్రయోగించాడు. పప్పును ‘హహ్హు’ అన్నాడు. తప్పే, కానీ భాష మీద అంత ధ్యాస ఏ పాఠం వల్ల వస్తుంది? ఉర్దూ ఇళ్ల పిల్లలకు, తండాల నుంచి వచ్చే సుగాలి పిల్లలకు మొదటి రెండు మూడు నెలలు రాత కంటే మాట ఎక్కువ ఇవ్వండి. తెలుగు మాట అర్థం కాకుండా తెలుగు అక్షరం నేర్చుకుంటే అది ముగ్గు దిద్దడమే.

లెక్కల గంట

మన భాష లెక్కలకు చేసిన మేలు చాలామంది గుర్తించరు. ఇరవై దాటాక తెలుగులో అంకెల పేర్లు ఉన్నదున్నట్టే ఉంటాయి: ఇరవై మూడు, నలభై ఏడు. పదులెన్ని, ఒకట్లెన్ని అన్నది పేరులోనే ఉంది. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా వినిపించి పిల్లలు తికమకపడతారు. అందుకని పుస్తకం ఇంగ్లిష్ మీడియందైనా సంఖ్యలు ముందు తెలుగులో పలికించండి.

చీపురుపుల్లలు ఒకే పొడవున విరిచి పదేసి కట్టలు కట్టించండి. కట్టలు మనం కట్టి ఇస్తే లాభం లేదు. పది లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసేది పిల్ల చేతులే కావాలి. నలభై ఏడు చూపించు అంటే నాలుగు కట్టలు, ఏడు పుల్లలు తీయాలి. ఇది నోరు చెప్పినంత వేగంగా చెయ్యి చేసేదాకా కాగితం మీదికి పోవద్దు.

‘నూట ఐదు రాయి’ అంటే సగం మంది 1005 అని రాస్తారు. నూరు విన్నారు, 100 రాశారు. ఐదు విన్నారు, పక్కన 5 రాశారు. దీనికి మందు అట్టముక్కలు. 100 అని పొడవాటి ముక్క, 5 అని ఒక గడి ముక్క. చిన్నదాన్ని పెద్దదాని కుడి చివర, చివరి సున్న మీద కప్పండి. 105 కనిపిస్తుంది. ముక్క ఎత్తితే కింద సున్న. పిల్లలు పదే పదే ఎత్తి చూస్తారు, చూడనివ్వండి.

తీసివేతలో 42 నుంచి 17 తీసేయమంటే 35 వస్తుంది. రెండులో నుంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులో నుంచి రెండు తీసేశారు. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని మంత్రం చెప్పే బదులు అంగడి పెట్టండి. నాలుగు పది రూపాయల కాగితాలు, రెండు రూపాయి బిళ్లలు. 17 రూపాయల బొరుగులు కొనాలి. ఒక పది కాగితం ఇచ్చి, ఇంకా ఏడు కావాలి, బిళ్లలు రెండే ఉన్నాయి. అప్పుడు పిల్లోడే అంటాడు: ‘పదికి చిల్లర ఇయ్యి సార్.’ ఆ చిల్లర మార్చడమే అప్పు తెచ్చుకోవడం. ఆ మాట వాడి నోట వచ్చాక పలక మీద రాయండి. మా పిల్లల్లో చాలామంది ఇంటికి సరుకు తెచ్చేవాళ్లే, చిల్లర మోసం చేయనివ్వరు. పలక మీద తప్పేదీ వాళ్లే. ఆ రెండు లెక్కలూ ఒకటేనని ఎవరూ చెప్పకపోవడమే కారణం.

ఎక్కాల గురించి ఎక్కువ రాయను. రెండు, ఐదు, పది ముందు నేర్పండి. మిగతావి వాటంతట అవి కలుస్తాయి.

ఒకటో తరగతి, అంగన్‌వాడీ

మన ఆవరణలోనే అంగన్‌వాడీ ఉంటే ఆ టీచరమ్మతో వారానికి ఒకసారి కూర్చోండి. ఐదేళ్ల పిల్లతో పెన్సిల్ పట్టించి వరుసలు దిద్దించమని తల్లిదండ్రులే ఒత్తిడి పెడతారు. వాళ్లకు నచ్చజెప్పే పని మనం పంచుకోవాలి. ఆ వయసుకు కావలసింది వేళ్లకు బలం, నోటికి మాట. గింజలు వేరు చేయడం, మట్టి పిసకడం, దారానికి పూసలు ఎక్కించడం, ముగ్గు చుక్కలు కలపడం. అన్నిటికన్నా, రోజూ ఒక కథ వినడం.

మా బడిలో నేల కడప బండలు. నల్లగా, నున్నగా ఉంటాయి. చాక్‌పీసుతో రాస్తే నల్లబల్లలాగే కనిపిస్తుంది. ఒక్కో పిల్లకు ఒక్కో బండ పేరు పెట్టి ఇచ్చేశాం, ‘ఇది మల్లి బండ, ఇది బాషా బండ’ అని. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యంత అక్షరాలు రాస్తారు. భుజం నుంచి చెయ్యి కదులుతుంది, తప్పయితే అరచేత్తో తుడిచేస్తారు. పలక కంటే ఇదే మేలని నా అభిప్రాయం. బట్టలు మాసిపోతాయని తల్లులు గొణుగుతారు, అంతే.

ఇంగ్లిష్ సంగతి

2020–21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ముందు తెలుగు పేజీ పూర్తిగా అర్థం కానివ్వండి, తర్వాతే ఎదురు పేజీ. ఒకటి, రెండు తరగతుల్లో ఇంగ్లిష్ వినడానికి, ఆటలో పలకడానికే ఉంచండి. తెలుగులో మాట కట్టడం వచ్చిన పిల్లకు ఇంగ్లిష్ అక్షరాలు తొందరగా పట్టుబడతాయి. రెండూ ఒకేసారి మొదలుపెట్టి రెండూ రాక, మూడో తరగతికి వచ్చినవాళ్లనే నేను ఎక్కువ చూశా.

సుగ్గి కాలం

చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. సంక్రాంతి తర్వాత తల్లిదండ్రులతో గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోయి, ఉగాది నాటికి గానీ తిరిగి రాని పిల్లోడికి అందులో దాదాపు పావు వంతు పోతాయి. పత్తి తీయడానికి దీపావళికే బండెక్కినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సుగ్గి ఉంటుందని తెలిసీ జూన్‌లో మామూలు ప్రణాళిక రాసుకుంటే తప్పు మనదే.

నా ఏడాది మూడు ముక్కలు. జూన్ నుంచి దీపావళి దాకా కింది రెండు గుంపుల మీదే సర్వశక్తులూ. పోయేవాళ్లు పోకముందే మాట మెట్టు దాటాలి. సొంతంగా చదవడం వచ్చిన పిల్ల మూడు నెలలు దూరమైనా పూర్తిగా మర్చిపోదు. అక్షరాల దగ్గర ఉన్నప్పుడు పోయినవాళ్లు తిరిగొచ్చేసరికి సున్నకు వస్తారు. దీపావళి నుంచి మార్చి దాకా ఉన్నవాళ్లతో పై మెట్లు. ఒంటిపూట బడులప్పుడు తిరిగొచ్చినవాళ్లతో మళ్లీ మొదటి పని.

దసరా సెలవుల ముందే ప్రతి ఇంటికీ వెళ్లి ఎవరు పోతున్నారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు అని అడగండి. ఒక అవ్వ నాతో అన్న మాట ఇది: ‘పగలు మీ బడిలో అన్నం పెడతారు అయివారూ, నాకు దిగుల్లేదు. రాత్రికి ఆడపిల్లను నేనొక్కదాన్నే ఎట్ల కాసుకోను?’ అప్పటిదాకా నేను చదువు విలువ గురించి ఉపన్యాసం ఇస్తున్నా. ఆమె అడిగింది రాత్రి గురించి. సమగ్ర శిక్ష పథకం కింద, వలసపోయినవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ దానికి ఒక జవాబు. పిల్లల పేర్ల జాబితా దసరాకే అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. సంక్రాంతి తర్వాత అడిగితే సుగ్గి అయిపోయేదాకా కాగితాలే తిరుగుతుంటాయి. నేను ఒక ఏడాది ఆలస్యం చేసి, హాస్టల్ తెరిచే రోజుకు పిల్లలందరూ మిరపచేలలో ఉన్న సంగతి మర్చిపోలేను.

ఆపలేని పిల్లలకు చేతిలో ఒక సుగ్గి పుస్తకం పెట్టి పంపండి. గట్టి అట్ట నోట్‌బుక్. మొదటి పేజీలో పేరు, బడి, తరగతి, మెట్టు, నా ఫోన్ నంబరు. తర్వాత పెద్ద అక్షరాలతో పది చిన్న కథలు, ఎదురుగా ఖాళీ పేజీ, అక్కడ చూసింది రాసుకోవడానికి. పోయిన ఊర్లో బడి దగ్గరుంటే ఆ మొదటి పేజీ చూపించి చేర్చమని తండ్రికి చెప్పండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియదు, కాబట్టి అదీ ఆ పేజీలోనే రాసేస్తా.

తిరిగొచ్చిన రోజు ‘ఇన్నాళ్లు ఎక్కడ చచ్చావురా’ అనే పలకరింపు వద్దు. ఆ పూటే వేపచెట్టు కిందికి తీసుకుపోయి కాగితం చదివించి, వచ్చిన మెట్టు గుంపులో కూర్చోబెట్టండి. కళ్లంలో ఎన్ని టిక్కీలు (మిరపకాయల బస్తాలు) ఎత్తారు, కూలి ఎంత, ఎన్ని రోజులు, మొత్తం ఎంత అని వాళ్ల లెక్కతోనే లెక్కల గంట మొదలుపెట్టండి. బడి మానిన పిల్లోడు ఆ గంట మిగతావాళ్లకు చెప్పేవాడవుతాడు.

ఆరు వారాలకోసారి

మొదటి వారం వాడిన పరీక్షనే కొత్త పేరా, కొత్త మాటలతో మళ్లీ పెట్టండి. గుంపులు మార్చండి. ఒకే గుంపులో మూడు నెలలున్న పిల్ల ఉంటే లోపం పద్ధతిలో వెతకండి. చెవి, కన్ను పరీక్ష కూడా చేయించండి. నల్లబల్ల కనపడక వెనకబడిన పిల్లోణ్ని నేను ఏడాదిన్నర మొద్దు అనుకున్నా.

తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కాగితం చేతిలో పెట్టకండి. తల్లి ముందు పిల్లతో నాలుగు వాక్యాలు చదివించండి. తనకు చదువు రాకపోయినా, పిల్ల తడబడకుండా చదువుతోందో లేదో తల్లి చెవికి తెలుస్తుంది. ఇంట్లో చేయాల్సింది ఒక్కటే చెప్పండి: రాత్రి అన్నం తిన్నాక పిల్ల ఒక పేజీ చదువుతుంటే పక్కన కూర్చుని వినమనండి.

ఏప్రిల్ చివరి వారంలో గట్టి అట్ట నోట్‌బుక్‌లో ప్రతి పేరు పక్కనా మూడు సంగతులు రాసి మూయండి: ఏ మెట్టులో ఉంది, ఎక్కడ తడబడుతోంది, సుగ్గికి పోతుందా. బదిలీలు వేసవిలోనే వస్తాయి. ఆ నోట్‌బుక్ హాజరు రిజిస్టరుతో పాటు బీరువా పై అరలో పెట్టి, తాళం చెవి ఇచ్చేటప్పుడు కొత్తగా వచ్చే టీచరుకు ముందు అదే చూపించండి.